ఏట్లో దిగి గాలం వేసేటప్పుడు కాలు నిలుపుకోవడం ఎలా?

మన తిరుపతి, చిత్తూరు వైపు ఏళ్ళు ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. స్వర్ణముఖి, అరణియార్, కుశస్థలి, నీవా, బాహుదా, అన్నిటిదీ అదే కథ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు గట్టిగా పడితేనే వాటిలో నీళ్ళు పారేది. దాంతో మనలో చాలామందికి ఈత వచ్చు గానీ పారే నీళ్ళలో నడవడం రాదు. బావిలో నడుముకి బెండ్లు కట్టుకుని నేర్చుకున్నది నిలిచిన నీళ్ళ ఈత. ఏరు ఆడించే ఆట వేరు. పైగా ఎండాకాలంలో అక్కడే క్రికెట్ ఆడి ఉంటాం, అక్కడే ట్రాక్టర్లు తిరగడం చూసి ఉంటాం. ఆ చోటు తెలిసిందే కదా అన్న ధైర్యంతో దిగుతాం. మన జిల్లాల్లో ఏటి ప్రమాదాలకు నా లెక్కలో మొదటి కారణం ఆ ధైర్యమే. ఎండిన ఏరు తెలిసినంత మాత్రాన నీళ్ళున్న ఏరు తెలిసినట్టు కాదు.

గాలంతో, విసురు వలతో ఏట్లో దిగి చేపలు పట్టాలనుకునే కొత్తవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. చేప ఎలా పట్టాలో ఇందులో ఉండదు. దిగినవాళ్ళు తిరిగి ఒడ్డుకి ఎలా రావాలో మాత్రమే చెబుతాను.

ముందు ఎక్కడ దిగకూడదో తేల్చుకోండి

చెక్‌డ్యాం కింద దిగొద్దు. కట్ట మీద నుంచి నీళ్ళు పలచగా దొర్లుతుంటే చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చేపలు కూడా అక్కడే గుమిగూడతాయి. కానీ పైనుంచి పడ్డ నీరు అడుక్కి పోయి, మళ్ళీ కట్ట వైపే వెనక్కి తిరుగుతుంది. అందులో చిక్కిన మనిషిని ఆ నీరు కట్ట దగ్గరికి లాగి, ముంచి, తేల్చి, మళ్ళీ లాగుతుంది. గజ ఈతగాళ్ళు కూడా బయటపడలేని చోటు అది. కట్ట కింద పోసిన సిమెంటు గచ్చు మీద పాచి పట్టి ఉంటుంది కాబట్టి, నీళ్ళు చీలమండ దాకానే ఉన్నా కాలు జారుతుంది.

వంతెన స్తంభాల చుట్టూ కూడా వద్దు. వేగంగా వచ్చే నీరు స్తంభానికి కొట్టుకుని కిందికి దిగి, అడుగున ఇసుకను తవ్వేస్తుంది. చుట్టుపక్కల మోకాలి లోతే ఉన్నా స్తంభం మొదట్లో మనిషి మునిగే గుంత ఉండొచ్చు. చప్టాల కింద తూముల నోటి దగ్గరా ఇదే పరిస్థితి.

ఇక ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు. నా దృష్టిలో మన ఏళ్ళలో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇవే. నీళ్ళు వచ్చాక పైకి ఏమీ కనపడదు, అంతా ఒకే మట్టంగా ఉంటుంది. మోకాలి లోతులో నడుస్తూ నడుస్తూ ఒక్క అడుగులో తల మునిగిపోతుంది. గుంత అంచు వదులు ఇసుక కాబట్టి పట్టుకుని పైకి రాబోతే అదీ జారిపోతుంది. అందుకే ఎండాకాలంలో ఆ ఏట్లో ఒకసారి నడిచి, ఎక్కడ తవ్వారో చూసి పెట్టుకోండి. కుదరకపోతే ఆ ఊరివాళ్ళని అడగండి. గొర్రెలు, బర్రెలు కాసేవాళ్ళకి తెలిసినంతగా ఏటి అడుగు ఇంకెవరికీ తెలియదు. "అన్నా, ఇక్కడ ఇసుక ఎక్కడ తీసినారు? మడుగు ఎక్కడుంది?" అని అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. చెప్పింది వినండి.

అడవి లోపలి నీళ్ళ సంగతి రెండు మాటల్లో. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలో ఉంది, అలాంటి చోట చేపలు పట్టడం చట్టవిరుద్ధం. కల్యాణి డ్యాం నీళ్ళు తిరుపతి, తిరుమల జనం తాగే నీళ్ళు, అక్కడ దిగే ఆలోచనే పెట్టుకోకండి. చెరువులు, రిజర్వాయర్లలో చేపల హక్కు సాధారణంగా మత్స్యకార సంఘాలకు ఉంటుంది. వాళ్ళని అడిగాకే గాలం తీయండి.

పైన వాన పడిందేమో కనుక్కోండి

మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తుండొచ్చు. కానీ స్వర్ణముఖిలోకి నీళ్ళు వచ్చేది చంద్రగిరి, పాకాల వైపు కొండల నుంచి. అక్కడ రాత్రి కుండపోత పడితే, ఇక్కడ చినుకు లేకుండానే ఏరు లేస్తుంది. కొండలు దగ్గర, రాతినేల, వాలు ఎక్కువ. నీరు ఇంకడానికి చోటు లేక ఒక్క ఊపున దిగుతుంది. 2021 నవంబరు 18న తిరుపతిలో కురిసిన వాన, దాని వెంట స్వర్ణముఖి పొంగడం ఇక్కడివాళ్ళు మరిచిపోలేరు. ఆ మర్నాడే కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది ఊళ్ళలో ప్రాణాలు పోయాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేయించిందీ ఆ వారంలోనే.

కాబట్టి బయలుదేరే ముందు వాతావరణ శాఖ హెచ్చరిక రంగు చూడండి. ఆరెంజ్ గానీ రెడ్ గానీ ఉంటే ఆ రోజు ప్రయాణం లేదు. ఎల్లో ఉంటే ఒడ్డు నుంచే గాలం వేయండి. పిచ్చాటూరు దగ్గర అరణియార్, కార్వేటినగరం దగ్గర కృష్ణాపురం లాంటి ప్రాజెక్టుల దిగువన దిగాలనుకుంటే, గేట్లు ఎత్తే అవకాశం ఉందేమో ముందే కనుక్కోండి. రిజర్వాయరు నిండుగా ఉండి పైన వాన పడుతుంటే గేట్లు ఎప్పుడైనా లేస్తాయి.

ఉరుములుంటే ఇంకో చిక్కు. ఇప్పుడు చాలామంది వాడే కార్బన్ గాలం కర్రలో కరెంటు పారుతుంది. మెరుపు కనపడ్డాక ముప్పై సెకన్లలోపే ఉరుము వినపడిందంటే పిడుగు మీకు అందే దూరంలోనే ఉన్నట్టు. కర్ర కింద పెట్టి నీళ్ళలోంచి వచ్చేయండి. చెట్టు కిందికి పోకండి. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి. పిడుగుల హెచ్చరికకు దామిని అనే యాప్ ఉంది, ఫోనులో పెట్టుకోండి. పైన కరెంటు తీగలున్న చోటా ఆ కర్ర ఎత్తొద్దు.

ఒంటి మీద, కాళ్ళకి

లుంగీతో దిగొద్దు. తడిసిన లుంగీ కాళ్ళకు చుట్టుకుంటుంది, పారే నీరు దాన్ని పట్టుకుని లాగుతుంది. జీన్సు ప్యాంటూ వద్దు. నిక్కరు గానీ ఒంటికి పట్టి ఉండే ట్రాక్ ప్యాంటు గానీ చాలు.

ఉత్త కాళ్ళతో దిగే అలవాటు మనవాళ్ళకి ఎక్కువ. పట్టు బాగుంటుందనేది నిజమే, కానీ అడుగున సీసా పెంకులు, ముళ్ళ కంప, తుప్పు పట్టిన ఇనుము ఉంటాయి. హవాయి చెప్పులు బురదలో ఊడిపోతాయి, వాటి కోసం వంగినప్పుడే చాలామంది పడేది. పాత కాన్వాస్ బూట్లు లేసు బిగించి వేసుకోండి, లేదా మడమ పట్టీ ఉన్న శాండల్. రాళ్ళ ఏట్లో పాచి మీద నున్నటి రబ్బరు అస్సలు నిలవదు. అక్కడ బూటు చుట్టూ కొబ్బరి తాడు రెండు మూడు చుట్లు బిగించి కడితే ఎంతో మేలు. జపాన్ కొండ ఏళ్ళలో తిరిగేవాళ్ళు వరిగడ్డి చెప్పులు వేసుకునేది కూడా ఇందుకే, పీచు పాచిని పట్టుకుంటుంది.

వేడర్లని, ఛాతీ దాకా వచ్చే, నీళ్ళు చొరని బూటు ప్యాంట్లు కొందరు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. మన వేడికి వాటి అవసరం తక్కువ. వేసుకుంటే మాత్రం నడుము బెల్టు బిగించకుండా దిగొద్దు. పడ్డప్పుడు లోపలికి నీళ్ళు నిండితే పైకి లేవడం కష్టం.

లైఫ్ జాకెట్ గురించి మొహమాటపడకండి. ఈత వచ్చినవాళ్ళకి అదెందుకని నవ్వేవాళ్ళు ఉంటారు, నవ్వనివ్వండి. తలకి రాయి తగిలి స్పృహ తప్పితే వచ్చిన ఈత పనికిరాదు. ఫోను, బండి తాళాలు ప్లాస్టిక్ కవర్లో కట్టి ఒడ్డున ఉన్నవాళ్ళకి ఇవ్వండి. జేబులో ఉంటే మీ ధ్యాస కాళ్ళ మీద ఉండదు, ఫోను తడుస్తుందేమోనన్న టెన్షన్ మీద ఉంటుంది.

చేతిలో కర్ర

ఒక్క వస్తువే తీసుకెళ్ళగలిగితే కర్ర తీసుకెళ్ళండి. నిలబెడితే ఛాతీకి, చంకకి మధ్య వరకు రావాలి. పండిన గట్టి వెదురు మంచిది. పచ్చి వెదురు వంగుతుంది, పుచ్చినది బరువు పడగానే విరుగుతుంది. ఇంటి దగ్గరే మీ బరువంతా మోపి పరీక్షించండి. కింది నుంచి మొదటి మూడు అడుగుల పొడవునా అడుగుకో గీత గీసుకుంటే లోతు అక్కడికక్కడే తెలుస్తుంది.

లోతు కంటితో అంచనా వేయకండి. కాంతి వంగడం వల్ల తేటనీళ్ళలో అడుగు ఉన్నదానికంటే పైకి కనపడుతుంది. నాలుగు అడుగుల లోతు మూడు అడుగుల్లా ఉంటుంది. తేటగా ఉన్నాయి కదా, అడుగు కనపడుతోంది కదా అని దిగినవాళ్ళు మోసపోయేది ఇక్కడే. ఎర్రనీళ్ళయితే అసలు ఏమీ కనపడదు, అప్పుడు దిగకపోవడమే మంచిది.

దిగే ముందు పది నిమిషాలు ఒడ్డున నిలబడండి

ఒక పుల్ల నీళ్ళలో వేసి, దాని పక్కనే ఒడ్డు వెంట నడవండి. మామూలు నడకతో దాన్ని అందుకోలేకపోతే ఆ నీళ్ళలోకి దిగకండి. నీటి వేగం రెండింతలైతే మీ కాళ్ళ మీద పడే తోపు నాలుగింతలవుతుంది. నిన్న నిలబడగలిగిన చోట ఇవాళ నిలబడలేకపోవడానికి నీళ్ళు పెద్దగా పెరగాల్సిన పనిలేదు, కాస్త వడి పెరిగితే చాలు.

ఏరు వంపు తిరిగే చోట బయటి అంచు లోతు, లోపలి అంచు మెరక. గాలం లోతు వైపుకి వేయండి, మీరు మాత్రం మెరక వైపు నిలబడండి.

తర్వాత దిగువకు చూడండి. మీరు జారితే ఎక్కడికి పోతారు? అక్కడ చెక్‌డ్యాం ఉందా, మడుగు ఉందా, నీళ్ళలో వాలిన కంప చెట్లున్నాయా? మన ఏళ్ళలో సర్కారు తుమ్మ అంతటా అల్లుకుని ఉంటుంది. నీరు కొమ్మల సందుల్లోంచి పోతుంది, మనిషి పోలేడు, అక్కడే ముళ్ళకు అదిమిపెట్టి ఉంచుతుంది. దిగువన నూరు అడుగుల మేర శుభ్రంగా, పలచగా ఉన్న చోటే దిగండి. తిరిగి ఎక్కే చోటు కూడా అప్పుడే చూసిపెట్టుకోండి, ఒకటి కాదు, రెండు.

చివరగా నీటి అంచున ఒక రాయి పెట్టండి. నీళ్ళు పెరుగుతున్నాయో లేదో అదే చెబుతుంది.

అడుగు వేసే పద్ధతి

ఎగువకి ముఖం పెట్టి నిలబడండి. కర్ర మీకు ఎదురుగా, కొంచెం ఎగువన గుచ్చండి. ఇప్పుడు రెండు కాళ్ళు, ఒక కర్ర, మూడు చోట్ల నేల మీద ఉన్నారు. ఒకసారికి ఒక్కటే కదలాలి, మిగతా రెండూ ఆనుకునే ఉండాలి. ముందు కర్ర జరిపి అడుగు గట్టిదో కాదో పొడిచి చూడండి. తర్వాత ఒక కాలు పక్కకి జరపండి, ఆ తర్వాత రెండోది దాని దగ్గరికి తెచ్చుకోండి. కాలి మీదుగా కాలు వేయకండి. పాదం ఎత్తి వేయకుండా అడుగున రాస్తూ జరపండి. అలా జరిపితే గుంత అంచు ముందే తెలుస్తుంది, ఇసుకలో దాక్కున్న జెల్ల, ఇంగిలాయి లాంటి ముళ్ళ చేపల మీద నేరుగా కాలు పడదు. రాళ్ళున్న చోట రాయి పైన కాలు పెట్టకండి, రాళ్ళ సందులో నేల మీద పెట్టండి.

మోకాలి లోతు దాటితే ఆగి ఆలోచించండి. తొడ సగానికి వస్తే వెనక్కి. నడుము లోతంటే నీరు మిమ్మల్ని తేల్చి, పాదాల మీది బరువు దాదాపు సగం తగ్గించేస్తుంది. బరువు లేని కాలికి పట్టు ఉండదు, అదే సమయంలో నీటి తోపు ఒంటి మీద ఎక్కువ మేర పడుతుంది. నిలిచిన మడుగులో నడుము దాకా నిలబడడం వేరు, పారే ఏట్లో నిలబడడం వేరు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. ఇసుక తిన్నె మీద దిగువకి నడుస్తూ పోవడం చాలా సులువు, నీరే తోస్తుంది. కానీ తిన్నె చివర లోతు పెరుగుతుంది, వెనక్కి రావాలంటే ఎదురునీటిలో నడవాలి, కాళ్ళ కింది ఇసుకేమో జారిపోతుంటుంది. అక్కడ ఇరుక్కున్నవాళ్ళు రెండు వైపులా పోలేరు. అందుకని వెళ్ళేటప్పుడు ఎగువకి ఏటవాలుగా వెళ్ళండి, అలసిపోయి వచ్చేటప్పుడు నీటి వాలున రావచ్చు. వెనక్కి తిరగాలన్నా ఎగువ వైపుగానే, చిన్న అడుగులతో తిరగండి. దిగువకి తిరిగితే నీరు మోకాళ్ళ వెనక కొట్టి కాళ్ళు మడిచేస్తుంది.

ఊబిలో కాలు దిగితే గుంజకండి. గుంజే కొద్దీ బిగుస్తుంది. వెనక్కి వాలి, ఒంటి బరువు పరిచి, కాలిని అటూ ఇటూ కదిలిస్తే చుట్టూ నీరు చేరి వదులవుతుంది. బూటు ఇరుక్కుంటే వదిలేయండి. వరద తగ్గిన కొత్తలో గుంతలు వదులు ఇసుకతో నిండి ఇలాగే ఉంటాయి.

నిలబడి గాలం వేసేటప్పుడు

ఎగువకి పక్కవాటుగా నిలబడితే నీటికి తగిలే ఒళ్ళు తగ్గుతుంది. కాళ్ళు భుజాల వెడల్పున, మోకాళ్ళు కొంచెం వంచి ఉంచండి. ఇసుకలో ఒకేచోట ఎక్కువసేపు నిలబడితే మడమల కింద ఇసుకను నీరు తోడేస్తుంది. మీకు తెలియకుండానే కుంగుతుంటారు. కాసేపటికోసారి పాదాలు ఒక్కొక్కటిగా కొత్త చోటికి జరుపుకోండి.

విసురు వల వేసేవాళ్ళు తాడు ఉచ్చు మణికట్టుకి బిగించకుండా వదులుగా, ఒక్క విదిలింపుతో ఊడేలా ఉంచుకోవాలి. వల మొద్దుకి తగులుకుంటే ఏటి బరువంతా ఆ తాడు మీద పడుతుంది. వల పోతే పోనివ్వండి.

అసలైన ప్రమాదం చేప తగిలాక. బెండు మునిగింది, గాలం కర్ర వంగింది, లాగుతున్నది పెద్ద కొర్రమీనని తెలిసింది. ఆ క్షణంలో ఎవరూ కాళ్ళు చూసుకోరు. చేప ఎటు లాగితే అటు రెండడుగులు వేస్తారు, లోతులోకి వేస్తారు. ముందే ఒక నియమం పెట్టుకోండి. చేప తగిలితే మీరు కదిలేది ఒడ్డు వైపే. దారం వదులుతూ, గాలం కర్ర ఎత్తి పట్టుకుని, మీరు వచ్చిన దారినే వెనక్కి రండి, పలచని నీళ్ళలో చేపను తీయండి. దారం తెగితే తెగనివ్వండి.

నీళ్ళ రంగు మారితే

తేటగా ఉన్న నీరు ఎరుపెక్కింది, ఆకులు, పుల్లలు, నురగ కొట్టుకొస్తున్నాయి, ఎగువ నుంచి హోరు మారింది, అంచున పెట్టిన రాయి మునిగింది. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఇంకోటి కోసం చూడకండి. దగ్గరి ఒడ్డుకి రండి, మీ బండి ఉన్న ఒడ్డుకే రావాలని లేదు. అవతలి ఒడ్డున చిక్కుకుంటే అక్కడే ఎత్తు చోట కూర్చుని ఫోన్ చేయించండి. మధ్యలో ఉన్న తిన్నె మీదికి మాత్రం ఎక్కొద్దు, చుట్టూ నీళ్ళు వచ్చాక తిన్నే కోసుకుపోతుంది. చప్టా మీద నీళ్ళు పారుతుంటే బండితో దాటకండి. జోరుగా పారే నీరు జానెడు లోతు లేకపోయినా మనిషిని పడగొట్టగలదు, అడుగు లోతు చిన్న కారును కదిలించగలదు.

కాలు జారి కొట్టుకుపోతుంటే

కర్ర, వల, గాలం, సంచి, అన్నీ వదిలేయండి. వెల్లకిలా తిరగండి, కాళ్ళు దిగువకి చాచి, కాలివేళ్ళు నీటి పైకి కనపడేలా ఉంచండి. రాళ్ళు వస్తే కాళ్ళతో తన్ని తప్పుకోవచ్చు. లేచి నిలబడాలని అస్సలు ప్రయత్నించకండి. పాదం రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీరు ఒంటిని ముందుకు వంచి ముంచేస్తుంది. చేతులతో నీరు తోస్తూ ఏటవాలుగా ఒడ్డు వైపు జరగండి, ఎదురీదకండి. పిరుదులు నేలకి తగిలేంత పలచనయ్యాకే లేవండి. ఎదురుగా కంప చెట్టు వస్తుంటే, దాన్ని తప్పించుకోలేరనిపిస్తే మాత్రం బోర్లా తిరిగి దాని వైపు గట్టిగా ఈది, కొమ్మల పైకి ఎగబాకండి. కిందికి పోకూడదు.

తోటివాళ్ళు కొట్టుకుపోతుంటే

వెంటనే దూకకండి. ఒకరి వెనక ఒకరు దిగి అందరూ పోయిన వార్తలు ప్రతి ఏడూ చదువుతున్నాం. అందుకే ఒంటరిగా వెళ్ళకూడదు, వెళ్ళినవాళ్ళలో ఒకరు ఒడ్డునే ఉండాలి, వాళ్ళ చేతిలో అరవై డెబ్భై అడుగుల నైలాన్ తాడు ఉండాలి. తాడు చివర ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ క్యాన్‌లో కొంచెం నీళ్ళు పోసి, మూత బిగించి కట్టండి. విసరడానికి బరువు ఉంటుంది, నీటిలో తేలుతుంది. మనిషిని దాటేలా విసరండి, తాడు వాళ్ళ మీదుగా పడాలి. మీ నడుముకి తాడు కట్టుకోకండి. నేల మీద కూర్చుని కాళ్ళు తన్నిపెట్టి పట్టుకోండి, నీరే వాళ్ళని ఒడ్డుకి తిప్పుతుంది. తాడు లేకపోతే వెదురు, గాలం కర్ర, కట్టిన పంచె, ఏదైనా సరే. 112కి ఒకరు ఫోన్ చేస్తూనే ఉండాలి.

బయటికి తీశాక ఊపిరి లేకపోతే కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టుకుని తిప్పడం చేయకండి. వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా ముప్పైసార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఆపకుండా చేయండి. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే, ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు కొన్ని గంటల తర్వాత ఇబ్బంది పెట్టొచ్చు.

ఒడ్డెక్కాక

చీకటి పడకముందే ఎక్కేయండి. నీళ్ళలో కనపడే నీరుకట్టు పాముకి విషం లేదు, కానీ ఒడ్డున గడ్డిలో రక్తపింజరి, కట్లపాము ఉండొచ్చు, సంచి తీసుకునేటప్పుడు టార్చి వేసి చూడండి. పాము కరిస్తే కట్టు కట్టడం, కోయడం వద్దు. కరిచిన చోటు కదలకుండా ఉంచి నేరుగా పెద్ద ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి, తిరుపతి దగ్గరయితే రుయాకి. ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే మంట భరించలేనట్టు ఉంటుంది. కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో అరగంటకు పైగా ఆ చోటు ముంచి ఉంచితే తగ్గుతుంది. ముల్లు విరిగి లోపల ఉంటే డాక్టరు తీయాలి.

పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు చూసుకోండి. కోసుకుని ఉంటే, టెటనస్ ఇంజక్షన్ వేయించుకుని చాలా ఏళ్ళయి ఉంటే, వేయించుకోండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడడం వస్తే అది ఎలుకల మూత్రం కలిసిన నీటి వల్ల వచ్చే లెప్టోస్పిరోసిస్ కావచ్చు. మామూలు జ్వరం అనుకుని మాత్ర వేసుకుని ఊరుకోకండి, ఫలానా రోజు ఏట్లో దిగానని డాక్టరుకి చెప్పండి.